పిలుపునకు బాట వేసినవాడు

గోలకొండ చెరసాలలో మగ్గుతున్న కంచెర్ల గోపన్న తన మొరను రామునికి విన్నవించవలసినదిగా సీతమ్మ తల్లిని వేడుకొన్న సంగతి తెలుగుదేశంలో చిన్నపిల్లలకు కూడా తెలిసినదే. పిలిచేవాడు ఒకచోట, వినవలసినవాడు మరొకచోట ఉన్నప్పుడు నడుమ నిలిచే మూడవ వ్యక్తి దయమీదనే సర్వమూ ఆధారపడి ఉంటుంది. సీతమ్మవంటి మధ్యవర్తి లభిస్తే సరే. లభించకపోతే గతి యేమిటి? అడిగినవారికి ఒకరిని చూపవలసిన మధ్యవర్తి మరొకరిని చూపిస్తే, ఆ మోసం జరిగిన సంగతి పిలిచినవానికి గాని పిలువబడినవానికి గాని తెలియనే తెలియకపోతే, దానికి విరుగుడు ఏది? పందొమ్మిదవ శతాబ్దం చివర అమెరికాలో ఒక సామాన్య వర్తకుణ్ణి ఈ ప్రశ్న వేధించినది. అతడు చదువుకొన్న ఇంజనీరు కాడు. శాస్త్రజ్ఞుడు అసలే కాడు. శవపేటికలు సమకూర్చి అంత్యక్రియలు జరిపించడం అతని జీవనోపాధి. పేరు ఆల్మన్ బ్రౌన్ స్ట్రౌజర్. మనిషి ప్రమేయం లేకుండా టెలిఫోను పిలుపు తన దారి తానే వెదకుకొని పోయే యంత్రం అతని ఆలోచనలో పుట్టినది.

స్ట్రౌజర్ 1839వ సంవత్సరంలో న్యూయార్కు రాష్ట్రంలోని పెన్‌ఫీల్డు అనే గ్రామంలో జన్మించినాడు. అది రాచెస్టరు పట్టణానికి చేరువ. అతని తాత ఆ ఊరికి తొలినాళ్లలో వచ్చి స్థిరపడి పిండిమర పెట్టినవారిలో ఒకడు. బాల్యాన్ని గురించి తెలిసినది స్వల్పమే. తల్లి యేదైనా పని చెప్పినప్పుడు అన్నదమ్ములు ఆ పని చేయడానికి బదులు, దానిని చేసిపెట్టే యంత్రం ఎట్లా ఉండాలా అని తర్కించుకొంటూ కూర్చునేవారని ఆ కుటుంబంలో ఒక ముచ్చట చెప్పుకొనేవారు. మహనీయుల బాల్యాన్ని గురించి తరువాత అల్లే కథలలో ఇదీ ఒకటి కావచ్చును గాని, ఇటువంటి పిల్లలు ప్రతి తరగతిలోను ఒకరిద్దరు ఉంటారన్నది ఉపాధ్యాయులకు కొత్త విషయం కాదు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం చెలరేగినది. ఇరవైరెండేండ్ల స్ట్రౌజర్ న్యూయార్కు ఎనిమిదవ అశ్వికదళంలో చేరి ఉత్తరాది పక్షాన పోరాడినాడు. యుద్ధానంతరం పడమటి దిక్కుగా సాగిపోయిన అసంఖ్యాక జనంలో అతడూ ఒకడు. కొంతకాలం బడిపంతులుగా పనిచేసినాడు. తరువాత 1880 దశకంలో కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకాలోను, పిమ్మట మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సాస్ సిటీలోను అంత్యక్రియల వ్యాపారం నడిపినాడు.

ఈ వ్యాపారానికి టెలిఫోనుతో ఉన్న సంబంధం కొంచెం వివరించవలసి ఉన్నది. అలెగ్జాండరు గ్రాహం బెల్ టెలిఫోనుకు హక్కుపత్రం పొందినది 1876లో. రెండేండ్లు తిరగకముందే, 1878 జనవరిలో, న్యూహేవెన్ నగరంలో మొదటి వాణిజ్య ఎక్స్ఛేంజి వెలసినది. ఆనాటి పద్ధతి ఇట్లా ఉండేది. చందాదారు తన ఇంటిలోని పరికరానికి ఉన్న పిడిని గిరగిర త్రిప్పుతాడు. ఎక్స్ఛేంజిలో అతని పేరిట ఉన్న చిన్న రేకుమూత టప్పున క్రిందికి వాలుతుంది. ఎవరో పిలుస్తున్నారనడానికి అదే గుర్తు. కొంతకాలానికి ఆ రేకు స్థానంలో చిన్న విద్యుద్దీపం వచ్చినది. ఆపరేటరు ఆ గుర్తు చూచి, ఒక తీగె కొనను ఆ రంధ్రంలో గ్రుచ్చి, ఎవరు కావాలని అడిగి, రెండవ కొనను కోరినవారి రంధ్రంలో గ్రుచ్చి గంట మ్రోగిస్తుంది. మొదట్లో ఈ పనికి కుర్రవాండ్రను పెట్టినారు. వారి అల్లరి భరించలేక 1878 నుంచే స్త్రీలను నియమించడం మొదలుపెట్టినారు. ఆ కాలంలో చాలామంది సంఖ్యలు చెప్పేవారు కారు. వైద్యుణ్ణి ఇయ్యి, కొట్టును ఇయ్యి అని వృత్తిపేరో మనిషిపేరో చెబితే చాలు. ఊరిలో ఎవరు ఎవరో ఆపరేటరుకు తెలుసు. చావు జరిగిన ఇంటివారు కూడా అంతే. ఆ దుఃఖంలో సంఖ్య వెదకుకొనే ఓపిక ఎవరికి ఉంటుంది? అంత్యక్రియలవాణ్ణి పిలువుమంటారు. ఏ అంత్యక్రియలవానికి తీగె తగిలించాలో ఆపరేటరు చేతిలోని పని.

స్ట్రౌజరుకు బేరాలు తగ్గిపోయినవి. ఎక్కువ ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, అతని పోటీదారుని భార్యో బంధువో ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉండి, స్ట్రౌజరును అడిగినవారిని కూడా తమ దుకాణానికే కలిపేది. తన మిత్రుడే ఒకడు మరణిస్తే ఆ ఇంటివారి పిలుపు సైతం ఎదుటివానికి పోయినదని చెబుతారు. ఇది జరిగినది ఏ ఊరిలో అన్న విషయంలో మాత్రం కథకులు ఏకీభవించరు.

ఇంకొక కథ కూడా ఉన్నది. అది అంత ప్రసిద్ధం కాదు గాని విలువలో తీసిపోయేది కాదు. పిలుపులు రావడం లేదని స్ట్రౌజర్ పదేపదే ఫిర్యాదు చేయగా టెలిఫోను సంస్థ మనిషి దుకాణానికి వచ్చి పరీక్షించినాడట. గోడకు వ్రేలాడే రేకు పలక ఒకటి గాలి వీచినప్పుడల్లా ఊగి టెలిఫోను తీగెలకు తగులుతున్నది. తగిలినంతసేపు విద్యుత్తు అడ్డదారిలో పోయి గంట మ్రోగదు. గాలి ఆగితే అంతా సవ్యమే. పరీక్షకు మనిషి వచ్చినప్పుడు గాలి లేకపోతే దోషం కనబడదు. ఈ కథే నిజమైతే, ఆ ఆపరేటరు యేపాపమూ ఎరుగదు. ఒక నిరపరాధినిమీద అనుమానంతో ఒక మహత్తరమైన యంత్రం పుట్టినదని అనుకోవలసివస్తుంది. రెండింటిలో ఏది సత్యమో తేల్చడం ఇప్పుడు సాధ్యం కాదు. రెండూ కొంతకొంత నిజమే అయి ఉండవచ్చును. కాని దోషం ఎక్కడ ఉన్నదో కనుగొనక ముందే దోషి ఎవరో నిర్ణయించుకోవడం మనుష్యులకు ఎంత సహజమో ఈ రెండవ కథ చూపుతుంది. అందుచేత మొదటి కథను చెప్పేవారు దీనినీ చెప్పడం న్యాయం.

స్ట్రౌజర్ ఫిర్యాదులతో ఆగలేదు. ఆపరేటరు అవసరమే లేకుండా చేయాలని సంకల్పించినాడు. ఆ రోజులలో చొక్కా కాలరు విడిగా ఉండేది. కాలర్లు దాచుకొనే గుండ్రని అట్టపెట్టె ఒకటి తీసుకొని, దానికి వరుసలు వరుసలుగా గుండుసూదులు గ్రుచ్చినాడు. పదేసి సూదులు చొప్పున పది వరుసలు. నడుమ ఒక పెన్సిలు నిలబెట్టినాడు. పెన్సిలుకు అడ్డంగా ఒక చేయి ఉన్నదనుకొంటే, ఆ పెన్సిలును పైకి జరిపి కోరిన వరుసకు, ప్రక్కకు త్రిప్పి ఆ వరుసలో కోరిన సూదికి చేర్చవచ్చును. ఒక్కొక్క సూది ఒక్కొక్క చందాదారు. పైకి జరిపే కదలిక పదుల స్థానం, ప్రక్కకు తిరిగే కదలిక ఒకట్ల స్థానం. ప్రాథమిక పాఠశాలలో పిల్లలు నేర్చే స్థానవిలువయే ఈ యంత్రానికి ప్రాణం. ఎక్కడో కూర్చున్న మనిషి తీగె వెంట విద్యుత్ స్పందనలు పంపితే, ఎన్ని స్పందనలు వస్తే అన్ని మెట్లు విద్యుదయస్కాంతం ఆ కడ్డీని కదుపుతుంది. 1889 మార్చిలో హక్కుపత్రానికి దరఖాస్తు పెట్టినాడు. 1891 మార్చి 10న 447918 సంఖ్యతో అది మంజూరైనది.

ఊహ ఒకటి, ఇనుముతో రాగితో చేసిన వస్తువు మరొకటి. అతని అన్నదమ్ముల కొడుకు వాల్టరు స్ట్రౌజర్ ఈ విషయం షికాగోలోని జోసెఫ్ హారిస్ అనే వర్తక ప్రతినిధి చెవిని వేసినాడు. హారిస్, మోజెస్ మేయరు కలిసి 1891లో స్ట్రౌజర్ పేరిటనే సంస్థ స్థాపించినారు. 1892 నవంబరు 3వ తేదీన ఇండియానా రాష్ట్రంలోని లాపోర్టు పట్టణంలో మొదటి స్వయంచాలక ఎక్స్ఛేంజి ప్రారంభమైనది. చందాదారులు సుమారు 75 మంది. అప్పటికి ఇప్పుడు మనం ఎరిగిన డయలు లేదు. పదులకు ఒక మీట, ఒకట్లకు ఒక మీట. 68 కావలెనంటే మొదటి మీటను ఆరుసార్లు, రెండవదానిని ఎనిమిదిసార్లు నొక్కాలి. లెక్క తప్పితే పిలుపు తప్పుతుంది. పైగా ఒక్కొక్క ఇంటికి అనేక తీగెలు లాగవలసివచ్చేది. వేలిని చిల్లులో ఉంచి త్రిప్పి వదలితే వెనుకకు తిరిగేటప్పుడు తానే స్పందనలు లెక్కపెట్టి పంపే డయలును 1896లో ఆ సంస్థలోని అలెగ్జాండరు కీత్, ఎరిక్‌సన్ సోదరులు రూపొందించినారు. స్ట్రౌజర్ పేరు మీద ప్రపంచమంతా వాడిన యంత్రంలో సగానికి పైగా ఈ పనివారి చెమట ఉన్నది. ఆ మాట చెప్పకపోతే వారికి అన్యాయం చేసినట్లే.

పూర్తిగా రూపుదిద్దుకొన్న తరువాత ఆ ఎక్స్ఛేంజి ఎట్లా నడిచేదో చూడాలి. నాలుగంకెల సంఖ్య త్రిప్పినామనుకొందాం. మొదటి అంకెకు మొదటి యంత్రంలోని కడ్డీ అన్ని మెట్లు పైకి లేస్తుంది. అక్కడ తనంత తానే ప్రక్కకు తిరుగుతూ, తీరికగా ఉన్న తీగె దొరికేదాకా వెదకి, పిలుపును రెండవ యంత్రానికి అప్పగిస్తుంది. రెండవ అంకెకు అక్కడ మరల అదే పని. చివరి రెండంకెలు చివరి యంత్రంలో పైకి లేవడానికి, ప్రక్కకు తిరగడానికి వినియోగమై కోరిన ఇంటి తీగెను తాకుతాయి. ఆ తీగె పనిలో ఉంటే వేరు ధ్వని వినిపిస్తుంది. లేకపోతే గంట మ్రోగుతుంది. సంఖ్య అంతా విన్న తరువాత దారి నిర్ణయించడం కాదు. ఒక్కొక్క అంకె పడుతున్నకొద్దీ ఒక్కొక్క అడుగు దారి తెరుచుకొంటుంది. ఎక్స్ఛేంజి గదిలో నిలబడితే వందల కడ్డీలు టకటకమని లేచే చప్పుడు వానచినుకులు రేకులమీద పడ్డట్లు వినిపించేది. ఈ పద్ధతిలో ఒక గొప్ప సౌలభ్యం ఉన్నది. పిలుపు తప్పుదారి పట్టినప్పుడు ఏ బీరువాలో, ఏ కడ్డీ, ఏ మెట్టుమీద నిలిచిపోయినదో పనివాడు కంటితో చూడగలడు. దోషం పెక్కుసార్లు దుమ్ములోనో, అరిగిన కొనలోనో, వర్షాకాలపు చెమ్మలోనో ఉండేది.

బ్రిటనులో 1912లో ఎప్సమ్ పట్టణంతో మొదలైన ఈ యంత్రాల కథ 1995 దాకా సాగినది. బెల్ సంస్థ చాలాకాలం ఉపేక్షించి, చివరకు 1919లో నార్‌ఫోక్ నగరంలో ఇదే పద్ధతిని స్వీకరించినది. మన దేశంలో తొలి స్వయంచాలక ఎక్స్ఛేంజి 700 తీగెల సామర్థ్యంతో 1913-14లో సిమ్లాలో వెలసినది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి యేడు, 1948లో, బెంగుళూరులో నెలకొన్న ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ స్ట్రౌజర్ యంత్రాలను ఇక్కడనే తయారుచేసినది. ఐనా ఊరినుంచి ఊరికి మాట్లాడవలెనంటే ట్రంకు కాలు వ్రాయించుకొని, ఆర్డినరీయా అర్జెంటా లైట్నింగా చెప్పి, గంటలకొద్దీ నిరీక్షించడమే చాలాకాలం మన జనం ఎరిగిన పద్ధతి. నడుమ మనిషి లేకుండా ఒక నగరంనుంచి మరొక నగరానికి నేరుగా పిలిచే సదుపాయం 1960లో కాన్పూరు, లక్నోల నడుమ ఆరంభమైనది.

ఆ సదుపాయం ఖమ్మం మెట్టనుంచి భద్రాచలం అడవి అంచుదాకా వ్యాపించినప్పుడు మన పల్లెలకు వచ్చిన సంఖ్యలను పరిశీలిస్తే స్ట్రౌజర్ ఊహ ఇంకను స్పష్టమౌతుంది. వరంగల్లు 0870, కరీంనగరం 0878, ఆదిలాబాదు 08732. మొదటి సున్న దూరపు పిలుపని తెలుపుతుంది. 87 అనగానే పిలుపు ఉత్తర తెలంగాణంవైపు మళ్లినది. ప్రక్కన 4 పడితే ఖమ్మం సీమకు చేరినది. ఇక చివరి అంకె 2 ఐతే ఖమ్మం, 3 ఐతే భద్రాచలం, 4 ఐతే కొత్తగూడెం. ఈ సంఖ్యలు మన ప్రాంతంలో వాడుకకు వచ్చి స్థిరపడేనాటికి కడ్డీల యంత్రాల స్థానంలో ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు ప్రవేశించినవి. అడుగడుగునా దారిని కుదించుకొంటూ పోయే సూత్రం మాత్రం అదే. చివరి అంకె ఒక్కటి తప్పితే గోదావరి ఒడ్డుకు పోవలసిన కబురు బొగ్గుగనుల ఊరికి పోతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు పొంగినది. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. అటువంటి వేళ ఎగువనుంచి దిగువకు కబురు పోవడంలో దారి తప్పడమంటే యేమిటో నదీతీరవాసులకు వివరించనక్కరలేదు.

ఈనాడు పెద్ద కార్యాలయాలలో మాటలను సంఖ్యలుగా మార్చి పంపే రూటరు యంత్రాలు ఈ పని చేస్తున్నవి. వాటిలో కడ్డీలు లేవు, చప్పుడు లేదు. ఏ అంకెలతో మొదలయ్యే పిలుపు ఎటు పోవాలో పట్టికగా వ్రాసి ఉంటుంది. పట్టికలో రెండు పంక్తులు సరిపోతే ఎక్కువ అంకెలు కుదిరిన పంక్తికే పిలుపు పోవడం సాధారణ నియమం. మనిషి బల్లవద్ద లేకపోతే మాటను భద్రపరచి, అతని టెలిఫోనుమీద చిన్న దీపం వెలిగించే యేర్పాటు కూడా ఉన్నది. రేకుమూతకు ఈ దీపం మునిమనుమరాలు. ఒక్కొక్కప్పుడు సందేశం భద్రంగానే ఉంటుంది గాని దీపం వెలగదు. బల్లవద్దకు తిరిగివచ్చిన మనిషి తనను ఎవరూ పిలువలేదనుకొంటాడు. కొన్ని యంత్రాలలో దీపాన్ని వెలిగించడానికి ఒక సంఖ్య, ఆర్పడానికి మరొక సంఖ్య ఉంటవి. సందేశాలు దాచే యంత్రం ఆ సంఖ్యను రహస్యంగా పిలిచి దీపం వెలిగిస్తుంది. పట్టికలో ఆ సంఖ్యకు దారి లేకపోయినా, దానిని మరొక పంక్తి లాగికొనిపోయినా దీపం చీకటిగానే ఉండిపోతుంది. బల్బు చెడినదని పరికరం మార్చేవారు కొందరు. దీపంలో దోషం ఉండదు. దోషం పిలుపు నడిచే దారిలో ఉంటుంది. తన దుకాణంలో మ్రోగని గంటను చూస్తూ కూర్చున్న స్ట్రౌజరుకు ఈ చిక్కు కొత్తగా తోచేది కాదు.

యంత్రం ఒకందుకు మేలు చేసి మరొకందుకు కీడు చేసినది. ఆపరేటరు ఉద్యోగం ఆనాటి స్త్రీలకు గౌరవంగా బ్రతికే కొద్ది అవకాశాలలో ఒకటి. స్వయంచాలక ఎక్స్ఛేంజీలు వచ్చినకొద్దీ వేలాదిమంది ఆ పని కోల్పోయినారు. నిప్పు అంటుకొన్నదని, ప్రసవవేదన అని కేకవేస్తే సంఖ్య అడగకుండా తీగె తగిలించి, అవసరమైతే ఊరంతటికీ కబురు చేసిన ఆపరేటర్లు ఎందరో ఉన్నారు. యంత్రానికి పక్షపాతం లేదు. దయ కూడా లేదు.

స్ట్రౌజర్ తాను కల్పించినదాని ఫలం పెద్దగా అనుభవించలేదు. ఆరోగ్యం చెడి సంస్థనుంచి తప్పుకొన్నాడు. 1896లో హక్కుపత్రాలను 1800 డాలర్లకు, 1898లో సంస్థలోని తన వాటాను 10000 డాలర్లకు అమ్మివేసినాడని చెబుతారు. అవే హక్కులు 1916లో 25 లక్షల డాలర్లకు చేతులు మారినవట. అప్పటికి అతడు లేడు. చివరి సంవత్సరాలు ఫ్లోరిడా రాష్ట్రంలోని సెయింట్ పీటర్స్‌బర్గులో గడిపి 1902 మే 26న మరణించినాడు. వయస్సు 63. అక్కడి గ్రీన్‌వుడ్ శ్మశానంలో సమాధి చేసినారు. తలాపున నిలిపిన తెల్లని రాయి అంతర్యుద్ధంలో పోరాడిన సైనికులకు వేసేటటువంటిదే. దానిమీద అతని అశ్వికదళం పేరు చెక్కి ఉన్నది గాని టెలిఫోను ఊసు లేదు. నలభై యేండ్లు దాటిన తరువాత టెలిఫోను సంస్థవారు ఆ చోటు వెదకుకొని వచ్చి ఒక కంచు ఫలకం వేయించినారు.